గడపదాకా వచ్చిన టీవీ

ఇది రెండు వంశాల మధ్య జరిగిన మహాసంగ్రామం. ఒకవైపు బోధన్, ఒకవైపు నిజామాబాద్. నడుమ కనుచూపు మేర వరి పొలాలు, చెయ్యెత్తిన ప్రతివాడి దగ్గరా ఆగే బస్సు. రెండు కోటల్లో తల పండిన సేనానులు. దూతలు, గూఢచారులు, కపట నాటకాలు, చివర్లో జోరువానలో ముఖాముఖి. బండెడు అన్నం తినే బకాసురుణ్ణి ఒకప్పుడు మా బోధన్‌లోనే చంపారని చెప్పుకునే మనుషులం మేము. అంతకన్నా చిన్న కథలు మాకు ఆనవు.

నిజానికి అంత లేదు. ఒక టీవీని పడకగదిలోంచి హాల్లోకి మార్చాలి. అంతే. కాకపోతే అది మారేదాకా కాపురానికి పోనని మా అక్క పుట్టింట్లో కూర్చుంది. ఆషాఢం అయిపోయేలోపు అది మారాలి. లేకపోతే రెండు ఇళ్లకూ ఇజ్జత్ సమస్య. ఇజ్జత్ సమస్య అన్నాక పెద్దవాళ్లు ఊరుకోరు కదా. ఊరుకుని ఉంటే ఒక పూటలో తేలిపోయేది.

ఆ టీవీ మేం పెట్టిందే. అక్క పెళ్లికి మంచం, బీరువాతోపాటు గోడంత టీవీ కొన్నాడు మా బాపు. వాళ్లు అడగలేదు. అడగకముందే పెట్టడంలోనే గొప్ప ఉందని బాపు నమ్మకం. అక్కను ఇచ్చింది నిజామాబాద్‌లో, కంఠేశ్వర్‌లో. బావ పసుపు మార్కెట్ యార్డులో ఒక కమీషన్ దుకాణంలో పనిచేస్తాడు. మంచివాడు. ఎంత మంచివాడంటే, ఎవరు ఏం చెప్పినా "అట్లనే" అంటాడు. ఆ తర్వాత ఏమీ చెయ్యడు. పిల్లతో వచ్చిన సామాను పిల్ల గదిలోనే ఉండాలని ఎవరో అన్నారు. బావ "అట్లనే" అన్నాడు. టీవీని కొత్త దంపతుల మంచానికి ఎదురుగా గోడకు బిగించేశారు.

బావకు ఒక అవ్వ ఉంది. వాళ్ల నాన్న తల్లి. మా ఇంట్లో ఆమెను 'కంఠేశ్వర్ అవ్వ' అంటాం, మాకూ సొంతంగా ఒక అవ్వ ఉంది కాబట్టి. దీపాలు పెట్టే వేళకు కంఠేశ్వర్ అవ్వ చంకలో దిండు, చేతిలో పాన్‌డబ్బాతో ఆ గదిలోకి వస్తుంది. మంచం నడిమధ్యలో కూర్చుంటుంది. అక్కకు ఒక అంచు, బావకు ప్లాస్టిక్ కుర్చీ. సీరియల్ మొదలవుతుంది.

ఆ సీరియల్ గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే రెండు ఇళ్లకూ రాజ్యాంగం అదే. అందులో ఒక తాత, ఒక బామ్మ. మనవళ్ల కాపురాలు చక్కబెట్టడం వాళ్ల వృత్తి. చక్కబెట్టడానికి కాపురాలు దొరకని రోజుల్లో ఒకదాన్ని వాళ్లే చెడగొట్టుకుంటారు. నవ్వాల్సిన చోట డప్పు మోగుతుంది, ఏడవాల్సిన చోట ఉరుముతుంది. అప్పుడప్పుడు రెండూ కలిసి వస్తాయి. అప్పుడు కంఠేశ్వర్ అవ్వ అక్క మొహం చూసి తేల్చుకుంటుంది, నవ్వాలో ఏడవాలో.

"సూడు పిల్లా, గా కోడల్ని సూడు. మామ దగ్గితే నీళ్లు పట్టుకొని ఉరుకుతున్నది."

"ఆమెకు ఉరికినందుకు పైసలిస్తరు అవ్వా," అంటుంది అక్క. అక్క ఒక క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్. పొద్దంతా జనం రక్తం తీసి వచ్చిన మనిషి. ఒక సీరియల్ అయ్యాక ఇంకొకటి. రెండో దానిలో అవ్వ నిద్రపోతుంది. ఎవరైనా రిమోట్ ముట్టుకుంటే కళ్లు తెరవకుండానే "సూస్తున్న" అంటుంది. ఆ ఒక్క మాటకు ఇల్లంతా మళ్లీ చూస్తుంది.

అవ్వకు చెప్పమని అక్క ఎన్నోసార్లు బావతో అంది. "ఎట్ల చెప్పాలె? అవ్వ ఏమనుకుంటది?" అంటాడు బావ. అక్క ఏమనుకుంటుందో అన్న ప్రశ్న ఆ ఇంట్లో ఇంకా పుట్టలేదు. బావ వాళ్ల అమ్మ, అంటే అక్కకు అత్త, మంచి మనిషి. ఆమె సీరియల్ చూడదు. అందుకే ఈ కథలో ఆమెకు పని లేదు.

ఇంతలో ఆషాఢం వచ్చింది. పెళ్లైన మొదటి ఆషాఢంలో అత్తా కోడలూ ఒకే గడప దాటకూడదు. కొత్త అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. ఎందుకు అంటే మా అవ్వ ఒకటి చెప్తుంది, తాత ఒకటి చెప్తాడు, సగం చెప్పాక ఇద్దరూ నన్ను బయటికి పొమ్మంటారు. ఏదేమైనా అక్క బోధన్ వచ్చింది. రోజూ బస్సులో నిజామాబాద్ పోయి డ్యూటీ చేసి వస్తానంది. బ్యాగు మాత్రం ఒక నెల బ్యాగులా లేదు. చలికాలం స్వెటర్ కూడా ఉంది.

వచ్చిన పూటే, చెప్పులు విడవకముందే చెప్పేసింది.

"గా టీవీ గదిలకెళ్లి తీసినంకనే నేను మల్ల పోయేది."

అమ్మ నీళ్ల గ్లాసు కింద పెట్టేసింది. "ఏందే, కొట్టిండా?"

"లేదమ్మా."

"తాగుతడా?"

"తాగడు."

"అత్తేమన్న అన్నదా?"

"ఆమె పాపం ఏమనదు."

"మరింకేందే?"

"చెప్పిన కదా. టీవీ."

బాపు చాలాసేపు ఆలోచించి, "మంచిగ నడుస్తలేదా? వారంటీ ఉన్నది," అన్నాడు.

మా ఇళ్లలో ఆడపిల్ల కష్టానికి ఒక కనీస సైజు ఉంటుంది. దెబ్బ కనిపించాలి, సీసా దొరకాలి, లేకపోతే ఒక సవతైనా ఉండాలి. అంతకు తక్కువైతే అది కష్టం కింద లెక్కకు రాదు, కొవ్వు కిందికి వస్తుంది. అక్క ఉన్నదున్నట్టు, తెలుగులో, అందరి ముందూ చెప్పింది. అదే ఆమె చేసిన పొరపాటు. మా అవ్వ ఒక్క ముక్క నమ్మలేదు.

మా అవ్వ పొద్దంతా బీడీలు చుడుతుంది. ఒళ్లో చేట, చేటలో ఆకు, తంబాకు. చూపు టీవీ మీద ఉన్నా వేళ్లు తమ పని తాము చేసుకుపోతాయి. ఉరిమినప్పుడు మాత్రం బీడీ కొంచెం లావుగా వస్తుంది. "టీవీ అన్నది పైకి చెప్పే మాట," అంది చేట కిందపెట్టి. "లోపల ఇంకోటుంటది. సీరియల్ల గా పిల్ల గూడ మొదలు ఉప్పు ఎక్కువైందనే అలిగింది. తీరా సూస్తే ఏమాయె?"

"ఏమాయె?" అన్నాను.

"ఇంక సూపెట్టలే."

తాత తల ఊపాడు. తాత ఒకప్పుడు చెరకు వేసేవాడు. ఇప్పుడు వరి వేసి, చెరకు గురించి మాట్లాడతాడు. "చెరకు ఉన్నప్పుడు మనుషుల నోట్లె గూడ తీపి ఉండె. ఇప్పుడు అందరు మాట దాచిపెట్టుడే," అన్నాడు. పెళ్లైన నాటి నుంచీ అవ్వ మాటకు ఎదురు తిరిగిన మనిషి, సీరియల్ విషయంలో మాత్రం ఆమెతో ఏకాభిప్రాయం. వాళ్ల దాంపత్యాన్ని నిలబెట్టింది ఆ సీరియలేనని నాకొక అనుమానం.

ఇప్పుడు శత్రు శిబిరం గురించి. మా అవ్వా, కంఠేశ్వర్ అవ్వా ఒకే సీరియల్ ఒకే వేళకు రెండు ఊళ్లలో చూస్తారు. ప్రకటనలు రాగానే ఫోన్ చేసుకుంటారు. మా అవ్వ చేతులు చేటలో ఉంటాయి కాబట్టి స్పీకర్ పెడుతుంది. కాబట్టి ఈ రహస్య చర్చలు మా వాడకట్టు మొత్తానికీ తెలుసు.

"ఒదినె, మీ పిల్ల ఏమన్న చెప్పిందా?"

"ఏం చెప్పలే ఒదినె. టీవీ టీవీ అంటున్నది."

"మా పోరడు గూడ గదే పాట. ఇద్దరు ఒక్కటే మాట అంటున్నరంటే, కూడబలుక్కొని ఏదో దాస్తున్నరు."

"అవ్వా, ఇద్దరు ఒక్కటే మాట చెప్తే దాన్ని నిజం అంటరు," అన్నాను.

"నువ్వు నోర్మూస్కో. నీకు లోకం తెల్వది," అన్నాయి రెండు గొంతులు, ఒకటి ఇంట్లోంచి, ఒకటి ఫోన్లోంచి. అంతలో సీరియల్ మళ్లీ మొదలైంది. ఫోన్ పెట్టేశారు.

నిజానికి అక్కకూ బావకూ కొట్లాట లేదు. బావ మధ్యాహ్నం క్లినిక్ దగ్గరికి వచ్చి అక్క టిఫిన్ డబ్బాలో సగం తినిపోతాడు. సాయంత్రం ఫోన్లో మాట్లాడుకుంటారు. అందులోనూ ఒకే సంభాషణ. "టీవీ మార్చాలని అవ్వకు చెప్పినవా?" "చెప్త." "ఎప్పుడు?" "సందు జూసి." సందు చూడటానికి ఆ గదిలో సందు ఉంటే కదా.

ఒకనాడు డాబా మీద ఆరేసిన బట్టలు తీస్తుంటే అక్క అంది: "పెండ్లైనంక ఒక్క దినం తలుపేసుకొని కూసోలేదురా నేను. మంచిగున్నా, ఏడుపొచ్చినా, అవ్వ పక్కన కూసొనే. నాకు పెద్ద ఇల్లు వద్దు, ఏం వద్దు. ఒక తలుపు గావాలె."

దీనికి నా దగ్గర జోకు లేదు. వెతికాను కూడా. బట్టలు మడిచాను.

ఆషాఢం చివరికి వచ్చింది. పంపే రోజు దగ్గరపడుతోంది, అక్క బ్యాగు సర్దడం లేదు. సరిగ్గా ఆ వారమే సీరియల్లో తాతకు ఛాతీ నొప్పి వచ్చింది. దొంగ నొప్పి. విడిపోయిన మనవడూ, వాడి పెళ్లామూ ఉరుక్కుంటూ వచ్చి మంచం చెరో పక్కా కూర్చున్నారు. తాత ఇద్దరి చేతులూ కలిపాడు. డప్పూ, ఉరుమూ కలిసి మోగాయి. మా అవ్వ చేటలోంచి తలెత్తి తాత వైపు చూసింది. తాత అప్పటికే ఛాతీ రుద్దుకుంటున్నాడు.

మరునాడు సాయంత్రం వాన మొదలైంది. బాపు ఇంకా పని మీద నుంచి రాలేదు. తాతను ముందరి గదిలో మంచమెక్కించి అవ్వ ఫోన్ తీసింది. "అల్లుడా, మీ తాతకు ఛాతీల నొస్తున్నది. దవాఖాన అంటే వద్దంటున్నడు. నిన్నొక్కసారి సూస్తడంట." అమ్మ వంటింట్లోంచి నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

బావ యార్డులోంచి ఉన్నపళంగా బయలుదేరాడు. దారిలో ఇల్లు తగిలింది, ఇంట్లో కంఠేశ్వర్ అవ్వ తగిలింది. ఆమెకు ఈ నొప్పి గురించి బావకన్నా ముందే తెలుసు. బండి వెనక కూర్చుని గొడుగు పట్టుకుంది. బండి ముందుకు, గొడుగు వెనక్కు. అలా బోధన్ దాకా వచ్చారు. బావ చొక్కా నిండా పసుపు, దాని మీద వాన. మొహం మాత్రం నిజంగా భయపడ్డ మనిషి మొహం. ఆ ఒక్క విషయంలో బావ మీద నాకు గౌరవం కలిగింది.

మెట్లెక్కి, చెప్పులు విడిచి, లోపలికి అడుగు వేయబోయాడు.

"ఆగు!" అని అరిచింది మా అవ్వ. "అల్లుడా, గడప! ఆషాఢం!"

బావ కాలు గాల్లోనే ఆగింది. ఇంత పథకం వేసినవాళ్లు ఆ సంగతి మర్చిపోయారు. సీరియల్లో వాళ్లకు ఆషాఢం లేదు మరి. రోగి లోపల, చూడవచ్చినవాడు బయట, నడుమ గడప. అవ్వ తేరుకుంది. "అయితే తాతనే బయటికి తెండ్రి."

మంచం ఎత్తడానికి ఇంట్లో ఉన్న మగవాళ్లం ఇద్దరం. నేను, రోగి.

"అరేయ్, నువ్వు ఆ కొస పట్టు. జెర మెల్లగ, గోడకు తలుగుతది," అంటూ తాత మంచం దిగి ఈ కొస ఎత్తాడు. ఇద్దరం వసారాలోకి మోసుకొచ్చాం. మంచం దింపాక తాత దుప్పటి సరిచేసుకుని, పడుకుని, నొప్పిని మళ్లీ మొదలుపెట్టాడు.

కంఠేశ్వర్ అవ్వకు ఇంకో ధర్మసందేహం. "నేను అత్తకు అత్తను. నాకు ఈ గడప పట్టింపు ఉంటదా, ఉండదా?"

"నీకు లేదు ఒదినె, లోపటికి రా."

"వద్దు ఒదినె. రేపు ఏమన్నయితే నా పేరొస్తది." ఆమె కూడా వసారాలోనే కుర్చీ వేయించుకుంది. మా ఇల్లు ఖాళీ, వసారా నిండింది. ఆ సమయానికి అక్క బస్సు దిగి, గొడుగుతో గేటు తీసింది.

వసారాలో మంచం, మంచం మీద తాత, పక్కన తడిసిన మొగుడు. అక్క ఒక్క క్షణం గాబరా పడింది. గబగబా వచ్చి తాత చెయ్యి పట్టుకుని నాడి చూసింది. గాబరా పోయింది.

"ఏ పక్క నొప్పి తాతా?"

ఇది రిహార్సల్‌లో లేదు. తాత అవ్వ వైపు చూశాడు. అవ్వ ఎదురుగా నిలబడి తన ఎడమ పక్క మీద చెయ్యి పెట్టి చూపించింది. తాత అద్దంలో చూసినట్టు తన కుడి పక్క పట్టుకున్నాడు.

"లేచి కూసో," అంది అక్క.

తాత లేవలేదు. సీన్ సగంలో ఉంది. ఒక చేత్తో అక్క చెయ్యి, ఒక చేత్తో బావ చెయ్యి తీసుకుని కలిపాడు. బావ చేతి పసుపు అక్క చేతికి అంటింది. "నా మీద ఒట్టు. మీ ఇద్దరి నడుమ ఏమున్నదో నిజం చెప్పుండ్రి."

"టీవీ," అన్నారు ఇద్దరూ.

ఉరుము వచ్చింది, నిజం ఉరుమే. మా అవ్వ కంఠేశ్వర్ అవ్వ వైపు తిరిగి మెల్లగా అంది. "సూసినవా ఒదినె, ఇంక దాస్తనే ఉన్నరు."

అంతలో వీధిలో ఎవరింట్లోనో సీరియల్ పాట మొదలైంది. తాత ఠక్కున లేచి కూర్చున్నాడు. "షురువైందా?"

సీరియల్లో తాత చేతులు కలిపాక ఏమైందో ఆ రోజు తెలియాలి. టీవీ లోపల ఉంది. బావకు లోపలికి పోయే హక్కు లేదు, కంఠేశ్వర్ అవ్వకు ధైర్యం లేదు, అతిథుల్ని బయట వదిలి మా అవ్వ లోపలికి పోతే మర్యాద కాదు. మా అవ్వ క్షణం కూడా ఆలోచించలేదు.

"అరేయ్, టీవీ జెర గడప కాడికి గుంజు."

మా టీవీ చిన్నది, పాతది, చక్రాల స్టాండు మీద ఉంటుంది. గుంజాను. వైరు సాగింది. పాట అయిపోయేలోపే టీవీ గడప లోపల నిలబడి వసారా వైపు చూస్తోంది. తాత మంచం మీద జరిగి బావకు చోటిచ్చాడు. అమ్మ లోపలి నుంచి గడప మీదుగా బజ్జీల పళ్లెం అందించింది. రోగి ముందుగా రెండు తీసుకున్నాడు.

అక్క కూర్చోలేదు. టీవీని చూస్తూ నిలబడింది. సీరియల్‌ను కాదు, టీవీని. ప్రకటనలు వచ్చేదాకా ఆగింది. అంత ఓపిక నాకు లేదు.

"అవ్వా," అంది కంఠేశ్వర్ అవ్వతో. "మా టీవీ గడపదాక వచ్చింది. మన ఇంట్ల టీవీ గదిలకెళ్లి హాల్లకు రాదా? నాకు మీరు వచ్చుడు కష్టం కాదు. నాకు తలుపేసుకునేతందుకు ఒక గది గావాలె. గంతే. ఇంక ఏం దాస్తలేను."

టీవీలో ఎవరో సబ్బు గురించి సంతోషపడుతున్నారు. కంఠేశ్వర్ అవ్వ పాన్ నములుడు ఆపింది. ఇప్పుడు కళ్లు తుడుచుకుని ఒక పెద్ద డైలాగ్ వస్తుందని మా అవ్వ ముందుకు వంగింది.

"ఎట్లస్తది బిడ్డా?" అంది కంఠేశ్వర్ అవ్వ. "హాల్ల ప్లగ్గు లేకపాయె."

"ఆ?"

"హాల్ల ఒక్క లైటు, ఒక్క ఫ్యాను. ప్లగ్గు లేదు. ఉంటే మీ గదికి ఎందుకొస్త? నాకేమన్న సంబురమా మీ మంచం మీద కూసునుడు? గా మెత్తటి పరుపుల నడుము దిగబడి సస్తున్న. పెండ్లైన నెలనే చెప్పిన వీనికి, హాల్ల ప్లగ్గు పెట్టియ్యిరా అని."

అందరి చూపూ బావ మీదికి తిరిగింది. సీరియల్ అయితే ఇక్కడ ఆయన మొహం మూడుసార్లు చూపించేవాళ్లు. మేం ఒక్కసారే చూశాం, సరిపోయింది.

"టేబుల్ ఫ్యాన్‌కనుకున్న," అన్నాడు బావ. నోట్లో బజ్జీ ఉంది.

"అనుకొని?"

"ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేసిన. ఎత్తలే."

"మల్ల చేసినవా?" అంది అక్క.

బావ బజ్జీ మింగాడు. నెలల తరబడి అవ్వ లేవాలని అక్క, అక్కడ కూర్చోలేనని అవ్వ, ఇద్దరూ ఈయనకే చెప్పుకున్నారు. ఈయన ఇద్దరితోనూ "అట్లనే" అన్నాడు.

"గింతేనా?" అన్నాడు తాత. ఆ సాయంత్రమంతా ఆయన మొహంలో కనిపించిన నిజమైన నొప్పి అదొక్కటే. మా అవ్వ మాత్రం ఇంకా ఆశ వదల్లేదు. ప్లగ్గు వెనక కూడా ఏదో ఉంటుందని చూస్తోంది.

"పిల్ల వచ్చిన పూటనే చెప్పింది," అంది అమ్మ గడప లోపలి నుంచి. ఎవరినీ చూసి అనలేదు. "మనమే దెబ్బలు ఎతికినం."

మా ఇంట్లో తప్పైందని నోటితో అనే అలవాటు లేదు. చాయ్ పోస్తారు. మా అవ్వ తానే లేచి, లోపలికి పోయి, అక్కకు చాయ్ తెచ్చింది. చక్కెర రెండింతలు వేసింది. అక్క తాగింది. బావ పసుపు చేత్తో ఫోన్ తీసి అక్కడికక్కడే ఎలక్ట్రీషియన్‌కు చేశాడు. ఈసారి ఎత్తాడు. ఇన్నాళ్లు ఎందుకు చెయ్యలేదని వాడే తిట్టాడు. స్పీకర్ మీద ఉండటంతో అందరికీ సంతృప్తి కలిగింది.

ఆషాఢం వెళ్లాక అక్క పోయింది. స్వెటర్ కూడా పట్టుకుపోయింది. ఇప్పుడు ఆ గదికి తలుపు ఉంది, అది మూసుకుంటుంది. కంఠేశ్వర్ అవ్వ హాల్లో గట్టి కుర్చీలో కూర్చుని, ప్రకటనలప్పుడు మా అవ్వకు ఫోన్ చేసి, తలుపేసుకుని వీళ్లు లోపల ఏం దాస్తున్నారో అని చర్చిస్తుంది. తాత మాత్రం ఆ రోజు తన యాక్టింగ్ ఎలా ఉందని ఇప్పటికీ అడుగుతాడు.

వానలకు కంఠేశ్వర్ ఇంటి గోడ చెమ్మగా ఉండటంతో ఎలక్ట్రీషియన్ గోడ చెక్కలేదు. వంటింటి బోర్డు నుంచి హాల్లోకి పైపైన వైరు లాగి మేకులు కొట్టాడు. టీవీ, మిక్సీ రెండూ ఒకేసారి నడిస్తే ఫ్యూజు పోతుంది. అందుకని సీరియల్ మొదలయ్యేలోపే చట్నీ రుబ్బుకోవాలి.